రాజుగారి వీపున పీట

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యంలో... ఒరేయ్, కాళ్ళు ఇటు లాక్కో, దుప్పటి నీ ఒక్కడిదేనా? ఆ, ఆ రాజ్యంలో రాజుగారి గుర్రాన్ని చూసుకునే అప్పలనరసయ్యకి నూకాలని కొత్త కోడలొచ్చింది. ఆవిడ పుట్టింటివాళ్ళు గాడిదల మీద ఉప్పు బస్తాలేసుకుని సంతలు తిరిగే మనుషులు. గుర్రం పేరు చుక్క. నూకాలు శనగలు పెడితే తిని, ఆవిడ భుజం మీద గడ్డం ఆనించి కునుకు తీసేది.

రాజుగారు ఎక్కితే మాత్రం చూడాలి దాని వీరంగం! రాజుగారు ఎక్కేవారు, గుర్రం గెంతేది, రాజుగారు పడేవారు, కిరీటం దొర్లేది, కిరీటం వెనకాల మంత్రి పరిగెత్తేవాడు. మళ్ళీ ఎక్కేవారు, మళ్ళీ గెంతేది... ఊ కొడుతున్నారా? పడేవారు, దొర్లేది, పరిగెత్తేవాడు. రాజుగారికి ఒళ్ళు మండిపోయింది. రేపు దసరా ఊరేగింపులో కూడా పడేసిందంటే దాన్ని పులులుండే అడవిలో వదిలేయమన్నారు. పాపం, నూకాలికి ఆ పూట ముద్ద దిగలేదు.

మర్నాడు పొద్దున్న మామ జీను కడుతుంటే దగ్గరికెళ్ళి చూసింది. ఆ కోటలో ఒక ఆచారం ఉందర్రా. ఊరేగింపులో రాజుగారి ముక్కు మంత్రి ముక్కు కంటే ముందుండాలిట. అందుకని ఏటేటా జీను వేలెడు ముందుకి జరిపి, జరిపి, మెడ మొదట్లోకి తెచ్చేశారు. ఇంకో నాలుగేళ్ళు పోతే చెవుల మధ్య కూర్చునేవారు మహానుభావుడు! నూకాలు చుక్క జబ్బ మీద అరచెయ్యి పెట్టి నడిపించింది. కాలు ముందుకేసినప్పుడల్లా జబ్బ ఎముక పైకొస వెనక్కి జారి, జీనుకి కొట్టుకుంటోంది. గాడిద మీద బస్తా అక్కడ వేస్తే వాళ్ళ నాన్న తిట్టిపోసేవాడు.

అంతలో రానే వచ్చారు రాజుగారు. విషయం చెబితే నమ్మలేదు, గుర్రానిది వట్టి పొగరన్నారు. అప్పుడు నూకాలు ఏం చేసిందనుకున్నారు? వంటింట్లోంచి పీట తెప్పించి, ఒక్కసారి గుర్రంలా వంగమని బతిమాలి, రాజుగారి జబ్బల మీద పీట పెట్టి, తాడుతో బిగించి, నడవమంది. ఒక చెయ్యి ముందుకేశారు, పీట పొడిచింది. రెండో చెయ్యి వేశారు, మళ్ళీ పొడిచింది. మూడో అడుక్కి గెంతారు! కిరీటం దొర్లింది, మంత్రి పరిగెత్తాడు.

"తమరిది కూడా పొగరేనా, మహారాజా?" అంది నూకాలు.

రాజుగారు పీట విప్పించుకుని, చుక్క దగ్గరికెళ్ళి జబ్బ నిమిరి, "నాకు తెలీలేదే తల్లీ" అన్నారు.

మరి ముక్కుల సంగతో అని మంత్రి నసిగాడు. మీ గుర్రాన్నే నాలుగడుగులు వెనక నడిపించుకోండి బాబూ, అంది నూకాలు. జీను జబ్బ ఎముక దాటించి వెనక్కి కట్టారు. రాజుగారు ఎక్కారు, గుర్రం నడిచింది, కిరీటం నిలిచింది. మంత్రి మాత్రం అలవాటు కొద్దీ ఓసారి పరిగెత్తాడు. ఆనాటి నుంచి నూకాలు చెయ్యి పెట్టి చూడందే ఆ కోటలో ఏ గుర్రానికీ జీను కట్టలేదు.

అందుకేనర్రా, ఎవరన్నా గెంతుతుంటే కోప్పడే ముందు ఎక్కడ పొడుస్తోందో చూసుకోవాలి. పొద్దున్న బడికి పోనని నువ్వు గెంతావు, నేను వీపు మీద రెండేశాను. కొత్త చెప్పు కరుస్తోందని ఇందాక నీ చెల్లి చెబితే గానీ ఈ ముసలిదానికి తెలీలేదు. ఏదీ, ఆ కాలిలా పెట్టు నాన్నా, కొబ్బరినూనె రాస్తాను. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి.