ఖాదర్ తాత వెబ్‌సైటుకు వచ్చేవాళ్లు

దస్తగిరికి జనం చాలడం లేదు.

కొండ కింద ఒక చిన్న దర్గా. దాని పక్కన మేకల దొడ్డి, దొడ్డిని ఆనుకుని రేకుల గది. ఆ గదిలో ఖాదర్ తాత ఉంటాడు. కష్టం వచ్చినవాళ్లు తాతను వెతుక్కుంటూ వస్తారు. ముస్లిములూ వస్తారు, హిందువులూ వస్తారు. తాత తాయెత్తు కట్టడు, మంత్రం వేయడు. చెప్పిందంతా వింటాడు. చివర్లో ఒకటో రెండో మాటలంటాడు. వాటిని పట్టుకుని వాళ్లు ఇంటికి పోతారు.

దస్తగిరి కూడా ఓసారి అలాగే వచ్చి, తిరిగి పోవడం మరిచిపోయినవాడు. అంతకుముందు బెంగళూరులో, వెబ్‌సైట్లకు జనాన్ని రప్పించే కంపెనీలో పని చేసేవాడు. చెప్పుల సైటైనా సరే, పెళ్లి సంబంధాల సైటైనా సరే, మనుషుల్ని అక్కడికి చేర్చడం అతని విద్య. తాత దగ్గర చేరాక ఆ విద్య అతన్ని ఊరికే కూర్చోనివ్వలేదు. తాత ఎవరికి ఏం చెప్పాడో గుర్తు పెట్టుకుని, పేర్లు తీసేసి, ఒక్కో ప్రశ్నకు ఒక్కో పేజీ రాసి వెబ్‌సైటు పెట్టాడు. 'నిద్ర పట్టకపోతే' అని ఒక పేజీ. 'అన్నదమ్ములు మాట్లాడుకోకపోతే' అని ఇంకో పేజీ. 'చెప్పాల్సిన మాట చెప్పకముందే మనిషి పోతే' అని మరో పేజీ.

సెర్చ్‌లో ఆ మాటలే టైపు చేసినవాళ్లు ఒక్కొక్కరుగా అక్కడికి వచ్చేవాళ్లు. వచ్చినవాళ్లు వెంటనే పోకుండా నిదానంగా చదువుకునేవాళ్లు. కొందరు మర్నాడు మళ్లీ వచ్చేవాళ్లు. మామూలు మనిషైతే దానికే సంతోషించేవాడు. దస్తగిరి మాత్రం ఫోను చూసుకుని నిట్టూర్చేవాడు. ఇంతటి తాతకు ఇంతేనా జనం అన్నది అతని బాధ. పాపం, అందులో ప్రేమే ఎక్కువ. కాస్త కంపెనీ బుద్ధి కూడా ఉంది.

ఒకరోజు దర్గాలో సమాధి మీద కప్పిన పచ్చ చాదర్ కొసను ఒక మేక నములుతోంది. తాత దాని చెవి పట్టుకుని, "నీకు భక్తి ఎక్కువైందే. కొంచెం తగ్గించుకో" అంటున్నాడు. దస్తగిరి ఫోనులో తీశాడు. సోషల్ మీడియాలో పెట్టి, కింద వెబ్‌సైటు పేరు రాశాడు.

ఆ వీడియోను ఎవరెవరో ఎవరెవరికో పంపుకున్నారు. తెల్లారేసరికి వెబ్‌సైటు మీద జనం ఎగబడ్డారు. దస్తగిరి కాళ్లు నేల మీద లేవు.

తాత దొడ్డి ముందు కూర్చుని ఒక మేక వెంట్రుకల్లో ఇరుక్కున్న పల్లేరు కాయలు ఏరుతున్నాడు. దస్తగిరి పోయి, సైటుకు వచ్చినవాళ్ల లెక్కను గీత గీసి చూపించే ఫోను ఆయన ముందు పెట్టాడు.

"చూడు తాతా. ఈ గీత మన సైటుకొచ్చిన జనం."

తాత కళ్లు చికిలించి చూశాడు. "కొండ మాదిరి ఉండాదే."

"ఆ కొండంతా వీడియో వల్లనే."

"అవతల పక్క అప్పుడే దిగిపోతాండాదే."

"సోషల్ మీడియా అంటే అంతే తాతా. ఇంకో వీడియో పెడితే మల్లా ఎక్కుతాది."

"మరి ఈ కొండకు ముందు, కింద సన్నగా పోతాండాదే, ఈ గీత ఏంది?"

"అది సెర్చ్‌లో వచ్చేవాళ్లు. ఎప్పుడూ అంతే. కొండా ఉండదు, గుంతా ఉండదు."

"రెండు రకాల మనుషులా ఏంది వీళ్లు?"

దస్తగిరికి ఇది ఇష్టమైన పాఠం. గొంతు సవరించుకున్నాడు. "మనుషులు ఒకటే తాతా. వచ్చే తీరు వేరే. సెర్చ్‌లో వచ్చేవాళ్లకు ఏదో కావాల. నోరు తెరిచి అడుగుతారు. దానికి జవాబు మన దగ్గరుంటే మన కాడికొస్తారు. సోషల్ మీడియాలో ఉండేవాళ్లు ఏమీ అడగరు. ఊరికే చూస్తా కూర్చోనుంటారు. మనమే ఎదురుగా పోయి, ఇట్ల రాండి అని పిలవాల."

"రెండూ బాగానే ఉండాయి కదా నాయనా."

"బాగానే ఉండాయి. రెండూ చెయ్యాలంటే నాకు పొద్దు చాలడం లేదు. పేజీలు రాయాలంటే నిదానంగా కూర్చోవాల. వీడియోలు తియ్యాలంటే రోజూ నీ వెంట తిరగాల. ఏదో ఒకటి పట్టుకోవాల. ఏది పట్టుకోమంటావు?"

"ముందు ఈ మేకను పట్టుకో. కదులుతాండాది" అన్నాడు తాత.

దస్తగిరి మేకను పట్టుకున్నాడు. కాయలు ఏరడం అయిపోయింది. తాత ఇంకేమీ చెప్పలేదు. గురువు మాట్లాడకపోతే ఆ మౌనానికి తనకు నచ్చిన అర్థం చెప్పుకోవడం శిష్యులకు అలవాటే. దస్తగిరి కూడా అదే చేశాడు. వీడియో చూసి వచ్చినవాళ్లకు ఆ పొడుగు పొడుగు జవాబులు అడ్డమని తనకు తోచి, పేజీలన్నీ సైటులోంచి తీసేశాడు. వాటి చోట తాత వీడియోలు నింపాడు. 'ఈ గురువారం మా దర్గాకు రండి, మేకపాల టీ తాగి పోండి' అని కొత్త వీడియో ఒకటి వదిలాడు.

గురువారం సాయంత్రం దర్గాకు వచ్చినవాళ్లకు మేకపాల టీ ఇవ్వడం అక్కడ ఎప్పటినుంచో ఉన్నదే. మామూలుగా వచ్చేవాళ్లకు ఒక చిన్న గిన్నె సరిపోయేది.

ఆ గురువారం మధ్యాహ్నం నుంచే మోటారు సైకిళ్లు, కార్లు వచ్చి దొడ్డి చుట్టూ ఆగాయి. వీడియోలో ఉన్న మేక ఏదని అడిగేవాళ్లు, దానికి చాదర్ చూపించి మళ్లీ నమలమని బతిమాలేవాళ్లు. తాతను మధ్యలో నిలబెట్టి ఫోటోలు దిగారు. తాత అందరి భుజాల మీదా చేతులు వేసి నవ్వాడు. దస్తగిరికి కడుపు నిండిపోయింది.

ఆ గుంపులో ఒక మనిషి ఎవరితోనూ ఫోటో దిగకుండా నిలబడి ఉన్నాడు. చొక్కా బస్సు దుమ్ము కొట్టుకుని ఉంది. చేతిలో గుడ్డసంచి. పేరు ఓబులేసు. అతన్నీ ఇతన్నీ అడిగి చివరికి దస్తగిరి దగ్గరికి వచ్చి పేరు చెప్పుకున్నాడు.

"అన్నా, వెబ్‌సైటు పెట్టింది నువ్వేనంట కదా. ఈ ఫోను కొంచెం చూడు. చెప్పాల్సిన మాట చెప్పకముందే మనిషి పోతే అని కొడితే ఒకటి వచ్చేది. ఇప్పుడు రావడం లేదు."

"అది తీసేసినాం అన్నా. సైటు మార్చినాం. ఇప్పుడు వీడియోలుండాయి, చూడు."

"చూసినా. మేక ఉండాది."

"బాగుంది కదా?"

"బాగుంది." ఓబులేసు ఫోను వైపే చూస్తున్నాడు. "మా అమ్మ పోయినప్పటి నుంచి, పడుకోబోయే ముందర ఆ మాట చదువుకుంటాను అన్నా. అది చదివితే కొంచెం కన్ను మూత పడతాది. నా ఫోనే చెడిపోయిందేమో అనుకుని రెండు షాపుల్లో చూపించినా."

దస్తగిరి ఏదో చెప్పబోయాడు. ఇంతలో వెనకనుంచి ఎవరో, "టీ అయిపోయిందండీ, ఇంకా చాలామంది ఉన్నాం" అని కేకేశారు. "కూర్చో అన్నా, ఇప్పుడే వస్తా" అని పరిగెత్తాడు. మళ్లీ రానే లేదు. ఓసారి తిరిగి చూస్తే, ఫోటోలు వదిలేసి తాత ఓబులేసు చెయ్యి పట్టుకుని దొడ్డి వెనక్కి తీసుకుపోతున్నాడు.

మేకలు అప్పటికే మేతనుంచి వచ్చేశాయి. ఆ దొడ్డిలో పాలు పిండడానికి ఒక పద్ధతుంది. మేకకు చన్నులు రెండు. ఒకటి పిండుకుంటారు, రెండోది పిల్లకు వదులుతారు. పగలంతా గంపల కింద మూసిన పిల్లల్ని, పిండడం అయ్యాక తల్లుల దగ్గరికి వదులుతారు. దస్తగిరి పద్ధతిగానే అన్ని మేకలకూ ఒక్కో చన్ను పిండి టీ పెట్టాడు. ఆ టీ అయిపోయింది. టీకి నిలబడ్డవాళ్ల వరస అయిపోలేదు.

పిలిచింది తను. అంత దూరం నుంచి వచ్చినవాళ్లను వట్టి చేతులతో పంపడమెట్లా? చుక్క అనే మేక అన్నిటికంటే ఎక్కువ పాలిస్తుంది. దాని దగ్గర కూర్చుని, కొంచెమే అనుకుంటూ రెండో చన్ను పట్టుకున్నాడు. కొంచెం కాస్తా మొత్తం అయింది.

టీ పోస్తుంటే కూడా వీడియో తీశారు. తాగినవాళ్లు తాగారు. మేకపాల వాసన అందరికీ పడదు కదా, కొందరు ఒక గుక్క తాగి గ్లాసులు గోడ మీద పెట్టేశారు. పొద్దు వాలేసరికి బండ్లన్నీ వెళ్లిపోయాయి. దస్తగిరి ఫోను చూసుకున్నాడు. గీత మొన్నటి కొండకంటే పైకి ఎక్కింది.

"గంపలు ఎత్తు నాయనా" అన్నాడు తాత.

దస్తగిరి గంపలు ఎత్తాడు. పిల్లలన్నీ ఒక్కసారిగా దొడ్డిలోకి ఉరికాయి. ఒక్కోటి తన తల్లి కిందికి దూరిపోయింది. చుక్క పిల్ల అన్నిటికంటే చిన్నది. ముందు ఒక మేక దగ్గరికి పోతే అది కొమ్ము విసిరింది. ఇంకోదాని దగ్గరికి పోతే కాలితో తన్నింది. కాళ్ల మధ్యనుంచి, కడుపుల కిందనుంచి వాసన చూసుకుంటూ తిరిగి తిరిగి చివరికి చుక్కను కనుక్కుంది. ముందరి మోకాళ్లు వంచి, తోక ఆడించుకుంటూ చన్ను నోట పట్టుకుంది.

కాసేపు చీకింది. వదిలేసింది. అటుపక్కకు పోయి రెండోది పట్టుకుంది. మూతితో పొదుగును గుద్దింది. మళ్లీ ఇటు వచ్చింది. చుక్క కాళ్లు ఎడం చేసి కదలకుండా నిలబడి, మెడ తిప్పి పిల్లను నాకుతూ ఉంది. పిల్ల తల ఎత్తి అరిచింది.

దస్తగిరి మొహం చిన్నబోయింది.

"టీ చాల్లేదు తాతా" అన్నాడు. కాసేపటికి, "రెండోది కూడా నేనే పిండేసినా" అన్నాడు.

తాత తిట్టలేదు. తిడితే బాగుండునని దస్తగిరికి అనిపించింది. "ఆ ముసలి మేక దగ్గర ఇంకా పాలుంటాయి. పట్టుకురా" అన్నాడు తాత.

వేరే పిల్లను దగ్గరికి రానివ్వడం ఏ మేకకూ ఇష్టముండదు. దస్తగిరి ముసలి మేక కొమ్ములు పట్టుకుని దాని తలను రొమ్ముకు అదుముకున్నాడు. తాత దాని వెనక కాలు ఎత్తి పట్టుకుని, చుక్క పిల్లను పొదుగు దగ్గరికి తోశాడు. పిల్ల తాగలేదు. మొహం తిప్పుకుని చుక్క వైపే చూసింది. తాత వేలికి కాసిని పాలు రాసుకుని దాని నోటికి పూశాడు. రెండుసార్లు ఊసేసింది. ఆకలి తట్టుకోలేక చివరికి తాగింది.

"తాతా, ఆ ఓబులేసన్న యాడ?" అన్నాడు దస్తగిరి మేక మెడ మీదనుంచే.

"బస్సుకు పోయినాడు."

"ఏం చెప్పినావు ఆయనకు?"

"నేనేం చెప్పేది. వాళ్లమ్మ గురించి ఆయనే చెప్పినాడు. విన్నా. ఆయన మనసు కొంచెం తేలికైంది."

దస్తగిరి అమ్మయ్య అనుకున్నాడు. తాత పిల్ల మూతిని తన తువాలుతో తుడిచి, దాన్ని చుక్క పక్కకు వదిలాడు. పిల్ల పోయి మళ్లీ ఆ ఖాళీ పొదుగునే మూతితో వెతికింది.

"ఈ పూటకు యాడో ఒకచోట తాగించినాం" అన్నాడు తాత. "రేపు అది మల్లా వాళ్లమ్మ కాడికే వస్తాది."

దస్తగిరి ముసలి మేకను వదిలేశాడు. చేతులు పంచెకు తుడుచుకుని, ఫోను తీసుకుని దొడ్డి గోడ పక్కన కూర్చున్నాడు. ఈసారి గీత వైపు చూడలేదు. తీసేసిన పేజీల్లో ఓబులేసు చదువుకునేదాన్ని వెతికి, అన్నిటికంటే ముందు దాన్ని సైటులో తిరిగి పెట్టాడు. తర్వాత మిగతావి ఒక్కోటి పెట్టుకుంటూ పోయాడు. తాత గోడ మీద చల్లారిపోయిన టీ గ్లాసొకటి తీసుకుని, వచ్చి అతని పక్కన చతికిలబడ్డాడు.

చాలాసేపటికి దస్తగిరి తలెత్తకుండానే అడిగాడు. "వీడియోలు మానేయాల్నా తాతా?"

"ఎందుకు మానేది? ఆ మేకది నాకూ బాగుండాది" అని తాత టీ ఒక గుక్క తాగి, అతని తల మీద చెయ్యి వేశాడు. "తియ్యి నాయనా. పిల్ల తాగినంక తియ్యి."