వెండిచుక్క కాలువ చేప

అనగనగా ఓ పంటకాలువ. ఆ గట్టు మీద ఓ పెంకుటిల్లు. ఆ ఇంట్లో ఇద్దరు అక్కచెల్లెళ్లు. అక్క వీరవేణి, చెల్లెలు భవాని. ఇటు తిరిగి పడుకో బుజ్జులూ, చెబుతాను.

భవాని ఆటోలోంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. పిండికట్టు వేసి, మూడు నెలలు మంచం దిగకూడదన్నారు. అప్పుడు వాళ్ల నాన్న ఓ గాజుతొట్టె, ఆరు ఎర్రతోక గప్పీ చేపలు తెచ్చి కిటికీ పక్కన బల్ల మీద పెట్టాడు. భవానికి అదే లోకమైపోయింది. పొట్టతో ఉన్న చేపకి రోజా అని పేరు పెట్టి, ఎప్పుడు పిల్లలు పెడుతుందా అని రోజూ అడిగేది.

ఇంట్లో అందరూ భవాని చుట్టూనే తిరిగేవాళ్లు. వీరవేణికి తనదంటూ ఒకటి కావాలనిపించింది. ఎండలు ముదిరి కాలువలో నీళ్లు తగ్గుతున్నాయి. అప్పుడు వెళ్లి తువ్వాలుతో ఓ చేపని పట్టుకొచ్చింది. వేలెడంత చేప, నెత్తిన వెండిచుక్క. తొట్టెలో వెయ్యగానే అది పైకెళ్లి, నీళ్ల అంచున పుల్లలా కదలకుండా నిలబడింది.

"ఎంత బుద్ధిగా ఉందో అక్కా నీ చేప," అంది భవాని. వీరవేణి మురిసిపోయింది.

ఆ తర్వాత రోజా పిల్లలు పెట్టింది. కనురెప్ప వెంట్రుకంతేసి పిల్లలు, ఇరవై దాకా. పొద్దున్నే వీరవేణే ఆ కబురు చెప్పింది. కాసేపటికి మేత వెయ్యబోయి చూసింది కదా, పుల్లలా ఉన్న చేప చటుక్కున నోరు తెరిచింది. ఓ పిల్ల లేదు. మళ్లీ తెరిచింది. ఇంకోటీ లేదు. సాయంత్రానికి ఒక్కటీ మిగల్లేదు.

అంత చిన్నవి మంచం మీంచి కనపడవుగా. "పిల్లలేం చేస్తున్నాయక్కా?" అనడిగింది భవాని.

"నాచులో దాక్కున్నాయి," అంది వీరవేణి. నిజం చెబితే తన చేపని తీసేయమంటారని భయం.

రెండ్రోజులకి ఓ గప్పీ తోక పీలికలైపోయింది. "రాయికి గీసుకుంది," అంది.

ఆ తర్వాత వారం తిరిగేసరికి మూడు చేపలు చచ్చిపోయాయి. ఎవరూ చూడకుండా పెరట్లో పూడ్చేసి, "అడుగున పడుకున్నాయి," అంది.

అప్పుడు ఓ రోజు వాళ్లమ్మ తొట్టెలో నీళ్లు మార్చడానికొచ్చింది. "ఇందులో గప్పీలు మూడే ఉన్నాయేంటే? రోజా మూలన ఒరిగిపోయింది. ఈ కాలువ చేప దాన్ని పొడుస్తోంది," అంది.

భవాని అక్క వైపు చూసింది. "నీకు ముందే తెలుసా?"

వీరవేణి తల దించుకుంది.

నాన్న కోప్పడలేదు. "అది కాలువలో బతికిన చేపమ్మా. నోట్లో పట్టేవాటిని మింగుతుంది, పట్టనివాటిని తరుముతుంది. దాని తీరే అంత. తీసుకెళ్లి వదిలేసి రా," అన్నాడు.

వీరవేణి దాన్ని చెంబులో వేసుకుని కాలువకి వెళ్లింది. కాలువకి నీళ్లు కట్టేసి అప్పటికే నాలుగు రోజులైంది. అడుగంతా బురద, బీటలు. మళ్లీ ఇంటికొచ్చి పెరట్లో బకెట్లో వేసింది. మూత పెట్టలేదు. ఆ చేప నీళ్లలోంచి ఎగిరి దూకుతుందని తెలీదు పిచ్చిపిల్లకి. మర్నాడు పొద్దున చూస్తే గోడ వార పడి ఎండిపోయింది. చీమలు పట్టేశాయి. రోజా కూడా ఆ పూటే పోయింది.

వీరవేణి రెండిటినీ ఒకేచోట పూడ్చింది. ఆ తర్వాత చెల్లెలి మంచం పక్కన కూర్చుని అన్నీ చెప్పేసింది. పిల్లల సంగతి, తోక సంగతి, పెరట్లో పూడ్చిన మూడిటి సంగతి. భవాని అటు తిరిగి పడుకుందామన్నా పిండికట్టు తిరగనివ్వదు. అందుకని కళ్లు మూసుకుంది. చెంపల మీద నీళ్లు కారుతూనే ఉన్నాయి.

ఒక రోజంతా మాట్లాడలేదు. ఆ మర్నాడు తనే పలకరించింది. "ఎన్ని ఉన్నాయక్కా?"

"రెండు," అంది వీరవేణి. నిజమే చెప్పింది.

భవాని వంటింటి వైపు చూసి, "అమ్మా, ఒకసారి నువ్వొచ్చి చూడవా," అంది.

కట్టు విప్పేదాకా రోజూ అంతే బుజ్జులూ. భవాని అడిగేది. వీరవేణి చెప్పేది. వాళ్లమ్మ తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి చూసేది.

కథ వెళ్లింది కంచి దాకా,
కన్ను మూసుకో తెల్లారేదాకా.