చుక్కమెట్ట స్వాతమ్మ వెలసిన వైనం

సముద్రపు ఒడ్డున ఈ ఎర్రమట్టి మెట్ట మీద కొలువైన స్వాతమ్మ తల్లిని భాద్రపద ఉత్సవంలో దర్శించే భక్తులు మొదట అడిగే మాట ఒక్కటే: "గుడికి పైకప్పు లేదేమిటండీ? సందెవేళైనా దీపం పెట్టరేమిటి?" అడగవలసిన మాటే. తల్లి దీపం పైన ఉంది. పడమటి దిక్కున నారింజ ఛాయలో నిలకడగా వెలిగే స్వాతి నక్షత్రమే ఆ దీపం. ఆ కథ వినండి.

పూర్వం ఇక్కడ జాలరుల పాకలు తప్ప గుడి లేదు. పాకల ముందు సముద్రం, అందులో పడవలను చీల్చే రాతివరుస, ఆ రాళ్ల నడుమ ఒక్క పడవ పట్టే సందు. పొద్దుపోయి వచ్చేవారి కోసం మెట్ట మీద ఒక్క కాగడా వెలిగించేవారు. దానికి సూటిగా పడవ నడిపితే సందు దొరికేది.

ఒక భాద్రపదంలో సందెవేళ గాలివాన కొట్టి ఆ కాగడా ఆరిపోయింది, మెట్టెక్కే దారీ కోసుకుపోయింది. వాన వెలిసినా పడవలు రాలేదు. భయంతో ఆడవాళ్లు ఎవరి పాక ముందు వారు కాగడాలు ఊపసాగారు. ఆ ఏడే కాపురానికొచ్చిన ఎర్రెమ్మ కూడా ఒకటి పట్టుకుంది. అలల హోరులోంచి ఆమె పెనిమిటి మసేను కేక వినిపించింది: "ఓలమ్మా, ఇన్ని కాగడాల్లో మెట్ట మీదిది ఏదే?"

ఎర్రెమ్మ వెనుదిరిగి చూసింది. తీరం పొడుగునా మంటలే. మెట్ట నెత్తిన మబ్బు చీలి స్వాతి చుక్క వెలుగుతోంది. అదీ కాగడా రంగే. సముద్రంలోంచి చూసేవాడికి అదీ ఒక మంటే!

చేతిలోని కాగడాను ఇసుకలో గుచ్చి ఆర్పింది. "అందరూ ఆర్పీండి!" అని పరుగెత్తింది.

అత్త దానమ్మ అడ్డుపడింది. "మగోళ్లు గంగలో ఉంటే దీపం ఆర్పుతావేటే? నా కొడుకు మీద నీకేటి పగ?"

"నీకు కొడుకైతే నాకు మొగుడు కాడేటత్తా? మెట్ట మీద తల్లే దీపమెట్టింది. మన మంటలు దాన్ని కానరానీటం లేదు. ఆర్పీ!"

దానమ్మ కోడలి ముఖంలోకి చూసింది. ఏమనుకుందో, కాగడా నీళ్లలో ముంచేసింది. ఆమే ఆర్పాక ఇంకెవరు ఆగుతారు? తీరమంతా చీకటైంది. పైన ఒక్క చుక్క. "తల్లీ, నిన్నే నమ్మినాను" అంటూ ఎర్రెమ్మ మోకాళ్ల మీద కూలబడింది.

తెడ్ల చప్పుడు వినిపించింది. ఒకదాని వెనుక ఒకటిగా పడవలన్నీ సందు దాటి వచ్చాయి. చివరి పడవలోంచి మసేను దూకాడు. "ఒక్కటే మిగిలితే దాన్నే పట్టుకుని వచ్చేసినాం. మెట్టెక్కి ఎవులు ఎలిగించారే అమ్మా?"

"నన్నేటి అడుగుతావు? నా కోడల్నడుగు!" అంది దానమ్మ, ఊరంతా వినేలా.

ఆ రాత్రి తల్లి ఎర్రెమ్మకు కలలో కనిపించి, "నా దీపానికి కప్పు వేయవద్దు. అది కనిపించాకే మీ దీపాలు వెలిగించండి" అని పలికింది. తెల్లవారి చూస్తే, వానకు కోసుకుపోయిన మట్టిలోంచి అమ్మవారి శిల బయటపడి ఉంది.

కరెంటు వచ్చినా ఈ ఊరు ఆ మాట తప్పలేదు. ఉత్సవం నాటి సందెవేళ వీధి లైట్లు సైతం ఆర్పి, చుక్క కోసం ఊరంతా పడమటికి చూస్తుంది. మబ్బు పట్టిన ఏడాది పసిపిల్లలు ఆకలికి ఏడ్చినా ఒక్క ఇంట అగ్గిపుల్ల గీయలేదు. చుక్క కనిపించగానే ఎర్రెమ్మ వంశపు అత్త ప్రమిద పట్టుకుంటుంది, కోడలు తొలి దీపం వెలిగిస్తుంది. ఆ దీపం నుంచి మీ ప్రమిద వెలిగించుకుని వెళ్లండి. దూరాన ఉన్న మీవాళ్లను తల్లి క్షేమంగా మీ గుమ్మానికి చేరుస్తుంది.