విస్తట్లో అడ్డం పెట్టిన చెయ్యి

అన్యాయం జరిగింది తులశమ్మకి. ఆగస్టు పద్దెనిమిది, సోమవారం, పొద్దున్న పదకొండింటికి. చేసినవాడు వేదాద్రి. గోస్తని ఒడ్డున సాంబయ్య స్వామి ఆశ్రమంలో ఆఫీసు చూసే శిష్యుడు. అహంకారం వదిలించుకుందామని వచ్చినవాడి చేతికి తాళాలగుత్తి ఇస్తే ఏమవుతుందో, వేదాద్రికీ అదే అయింది.

ఆ ఆఫీసులో ఒకప్పుడు ఒక బల్ల, ఒక ఫ్యాను. ఇప్పుడు రెండు కంప్యూటర్లు, జిరాక్సు మిషను, నీళ్లు కాచే కెటిలు, వైరాగ్యానికి చెమట పట్టకుండా ఒక ఏసీ. అన్నీ ఒకే ప్లగ్గు మీద. ఎక్స్‌టెన్షన్ బాక్సుకి ఇంకో బాక్సు, దానికి మరొకటి, రైలుపెట్టెల్లా. రోజూ ఏసీ వెయ్యగానే ఫ్యూజు పోయేది.

నెల కిందట వేదాద్రికి విసుగొచ్చింది. ఫ్యూజులో, కరెంటు ఎక్కువైతే తెగి ఆపేసే వెంట్రుకలాంటి తీగ తీసిపారేసి, బట్టలారేసే తీగంత లావు రాగితీగ చుట్టాడు. ఆ తర్వాత ఫ్యూజు ఒక్కసారి పోతే ఒట్టు.

"మనసు పెడితే కరెంటైనా మాట వింటుంది" అని వచ్చిన భక్తులకల్లా చెప్పేవాడు.

ఆఫీసు ఊడ్చే తులశమ్మ ఒక్కతే ఒప్పుకోలేదు.

"బాబూ, గోడ పెనంలాగ కాల్తంది. సెయ్యెట్టి సూడండి."

"నీ చీపురు నువ్వు చూసుకో."

మూడు రోజులు చెప్పింది. నాలుగోనాడు బాక్సు భగ్గుమని, పక్కనున్న కాగితాల కట్టలకి అంటుకుంది. తులశమ్మ పరిగెత్తి మెయిను ఆపేసి, బయట కట్టుబడికి పోసిన ఇసక బుట్టతో తెచ్చి కుమ్మరించింది. అంతసేపూ కుర్చీ మీదెక్కి మంత్రం చదువుతున్న వేదాద్రి, పొగ తగ్గాక కిందికి దిగాడు.

"తడిగుడ్డ పెట్టి తుడిచి కొంప ముంచావు. రేపట్నుంచి రాకు."

ఆమె ఇంట్లో ఆ ఒక్క జీతంతోనే పొయ్యి వెలగాలి. ఆ సంగతి వేదాద్రికి తెలుసు. తెలిసే అన్నాడు.

మర్నాడు పొద్దున్న స్వామి వేదాద్రికి కబురంపాడు. "మెయిను ఆపే ఉంది కదా? ఆ ఫ్యూజు ఊడదీసి తే."

తెచ్చాడు. స్వామి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పంచె మడతలో దోపుకున్నాడు. "మధ్యాహ్నం నా పక్కన కూచో. వడ్డనకి తులశమ్మని పిలిపించాను."

స్వామి పక్కన విస్తరంటే మాటలా. వేదాద్రి ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

పులిహోర వచ్చింది. రెండోసారీ వచ్చింది. మూడోసారికి వేదాద్రి విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాడు. "చాలు తులశమ్మా."

స్వామి ఆ చెయ్యి మెల్లిగా పట్టుకుని పక్కకి తీశాడు. "ఇదొకటి మాటిమాటికీ అడ్డమొస్తోంది. నువ్వు వడ్డించమ్మా."

"ఒక్క గరిటె బాబూ" అని తులశమ్మ మూడు వేసింది.

తర్వాత బూరెలు. నేతి గిన్నె కూడా వెనకే వచ్చింది. వేదాద్రి ఎడమచెయ్యి లేపబోతే స్వామి దాన్నీ పట్టుకున్నాడు. గురువు పట్టుకున్న చెయ్యి విదిలించుకోడానికి లేదు, గురువు పెట్టించింది వదిలెయ్యడానికీ లేదు. ఏడో బూరెకి వేదాద్రి కళ్లంట నీళ్లొచ్చాయి.

"స్వామీ, పొట్ట పగిలిపోయేలా ఉంది."

"పగిలితే ఏముంది నాయనా? వడ్డించినందుకు తులశమ్మని మానిపించేద్దాం."

పంక్తిలో ఎవరికో మజ్జిగ పొలమారింది.

స్వామి చెయ్యి వదిలేశాడు. మడతలోంచి ఫ్యూజు తీసి, ఎనిమిదో బూరె పెట్టాల్సిన చోట, విస్తట్లో పెట్టాడు. ఆ లావు తీగ నేతిలో మెరిసింది.

వేదాద్రి దాన్ని చూశాడు. తన చెయ్యి చూసుకున్నాడు. తలెత్తాడు.

"తులశమ్మా, గోడ ఎక్కడ కాలిందో చూపిస్తావా?"

"ముందు సెయ్యి కడుక్కుని తుడుసుకోండి బాబూ. ఎవరైనా మెయినేసి ఉంటే, తడిసేత్తో ముట్టుకుంటే ఈపాలి నాను ఇంటికి పోవక్కర్లేదు, తవరే పోతారు."

చెయ్యి తుడుచుకున్నాడు. బాక్సుల గొలుసంతా ఊడబీకి బయట పడేశాడు. ఏసీకి వేరే లైను లాగేదాకా మెయిను వెయ్యొద్దని ఎలక్ట్రీషియన్‌కి కబురు పెట్టాడు. అప్పుడు హాజరు పుస్తకం తెరిచి, తులశమ్మ పేరు మీద తను కొట్టిన ఎర్రగీత పక్కన రాశాడు:

"నిప్పుకి కారణం లావు తీగ. చుట్టినవాడు వేదాద్రి. తులశమ్మ హాజరు. ఆగస్టు పందొమ్మిది, మంగళవారం."