ఇరవై ఏడు శేర్ల ఆవకాయ

ఆ ఏడు కొత్తావకాయ మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే గంధగిరి రాజు తిమ్మభూపతికి దానబుద్ధి పుట్టుకొచ్చింది. ఘాటు ముక్కుకెక్కి కళ్లలో నీళ్లు తిరుగుతుండగానే కొలువుకి వచ్చి, "ఈ ఆవకాయ ఎవరికి కావాలన్నా అడగండి. ఎంతడిగితే అంత ఇస్తాం" అన్నాడు.

అందరికంటే ముందు లేచినవాడు ఆస్థాన గణకుడు లింగాభట్టు. లెక్కల్లో గట్టివాడే, కాదనలేం. కాకపోతే లెక్కలు తనకి తప్ప ఇంకెవరికీ రావని ఆయన నమ్మకం. పైగా కోటలోని ఊరగాయల కొట్టు మీద ఆయన కన్నుంది. పన్నెండేళ్లుగా పేరిందేవమ్మ చేతిలో ఉన్న ఆ పెత్తనం తన బావమరిదికి ఇప్పించాలని తాపత్రయం. ఆ బావమరిదికి ఆవపిండికీ పసుపుకీ తేడా తెలియదు, అది వేరే సంగతి.

"ప్రభూ, నక్షత్రాలు ఇరవై ఏడు. నాకు ఇరవై ఏడు శేర్లు చాలు. చిటికెడు తగ్గినా పుచ్చుకోను, చిటికెడు ఎక్కువైనా ఉంచుకోను. ఊరగాయ పెట్టిన జాడీ వెలితిగా గడప దాటకూడదని పేరిందేవమ్మ పెట్టిన కట్టడే ఉంది కదా, నిండు జాడీలే పంపించాలి. ఆమాత్రం చేతకాకపోతే కొట్టు తాళాలు చేతనైన మా బావమరిదికి ఇప్పించండి."

"ఇదేం పెద్ద పని! పొద్దు వాలేలోగా తెమ్మనండి. తేలేకపోతే తాళాలు మీ బావమరిదికే" అనేశాడు రాజు.

కబురు వినగానే పేరిందేవమ్మ గుండెల్లో రాయి పడింది. కట్టడి తనదే. జాడీ వెలితిగా ఉంటే గాలి చేరి బూజు పడుతుంది. కొట్టులో ఉన్న జాడీలు చూస్తే రెండే రకాలు, ఐదు శేర్లవీ ఎనిమిది శేర్లవీ.

చింతపిక్కలు ముందేసుకుని కూర్చుంది. పెద్ద జాడీ ఒకటి పెడితే ఇంకా పంతొమ్మిది కావాలి. మూడు చిన్నవి పెట్టినా నాలుగు తక్కువ. పెద్దవి రెండు పెడితే పదకొండు కావాలి, చిన్నవి రెండింటితో పది తీరి ఒకటి తక్కువ. పెద్దవి మూడు పెడితే ఇంకా కావలసింది మూడు శేర్లే, దానికి ఏ జాడీ సరిపోదు. అసలు పెద్దవే వద్దనుకుంటే ఐదు చిన్నవి పోను రెండు తక్కువ. ఉన్నవి ఆ నాలుగు దారులే, నాలుగూ మూసుకుపోయాయి.

కుదరదని తెలిసే అడిగాడన్నమాట ఆ భట్టు! ఆమెకి ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. పన్నెండేళ్లు కారంలో చేతులు పెట్టిన మనిషిని ఇంత తేలిగ్గా ఇంటికి పంపేస్తాడా? ఆ మంటలోనే పిక్కల్ని మళ్లీ ముందుకు లాక్కుంది. ఈసారి ఏం తేలిందో గానీ చివాల్న లేచి కొంగు బిగించింది.

పొద్దు ఇంకా ఉండగానే నాలుగు పెద్ద జాడీలు కొలువులోకి వచ్చాయి. నాలుగూ మెడదాకా నిండి ఉన్నాయి, మూతులకి వాసెన గుడ్డలు కట్టి ఉన్నాయి. వెనకే పేరిందేవమ్మ, చంకలో చిన్న ఖాళీ జాడీతో.

"నాలుగెనిమిదులు ముప్ఫై రెండు!" లింగాభట్టు ఎగిరి గంతేసినంత పనిచేశాడు. "ప్రభూ, ఈవిడకి ఎక్కాలు కూడా రావు. ఐదు శేర్లు ఎక్కువ! పైగా ఖాళీ జాడీ ఒకటి గడప దాటించింది!"

"ఖాళీ జాడీలో బూజు పట్టడానికి ఏముందయ్యగారూ? ఎక్కువన్నది మాత్రం నిజమే. చిటికెడు ఎక్కువైనా ఉంచుకోనన్నారట కదా?"

"ఉంచుకోను గాక ఉంచుకోను!"

పేరిందేవమ్మ చిన్న జాడీని దించి ఆయన ముందు పెట్టింది.

"అయితే ఎక్కువైన ఐదు శేర్లూ ఇందులో నింపి నాకు తిరిగిచ్చేయండి."

లింగాభట్టు పెద్ద జాడీలకేసీ చిన్న జాడీకేసీ మార్చి మార్చి చూశాడు.

"నేను పంపినవి నిండు జాడీలు. నాకు తిరిగొచ్చేదీ నిండు జాడీయే. తమరికి మిగిలేది ఇరవై ఏడు. ఇది నచ్చకపోతే ఏడు చిన్న జాడీలు పంపిస్తాను, తమరో పెద్ద జాడీ నింపి తిరిగివ్వండి. అప్పుడూ ఇరవై ఏడే. ఐదు శేర్లు తీస్తారా, ఎనిమిది తీస్తారా?"

రాజు వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. ఆ తర్వాత సింహాసనం మీద కూర్చోలేనంతగా పకపకా నవ్వాడు.

"తీయండి భట్టుగారూ, ఐదుతోనే సరిపెట్టుకోండి!"

"గరిటె... గరిటె ఏదీ?"

"తేలేదయ్యగారూ. మాకు చేత్తోనే అలవాటు."

లింగాభట్టు పట్టు ఉత్తరీయం నడుముకి చుట్టి, ఉంగరాలు ఊడదీసి, చెయ్యి మోచేతిదాకా నూనెలోకి దింపాడు. రెండు గుప్పిళ్లు తీసేసరికి చెమట పట్టింది. అలవాటు కొద్దీ అదే చేత్తో కన్ను తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఆయన వేసిన గంతులకి కొలువంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. రాజు నవ్వుతూనే చేతి కంకణం తీసి పేరిందేవమ్మకి ఇచ్చి, "తాళాలు నీ బొడ్డునే ఉంటాయి, నువ్వు ఉన్నన్నాళ్లూ" అన్నాడు.

ఆమె కంకణం కళ్లకద్దుకుని, చిన్న జాడీలోకి ఓసారి తొంగిచూసింది.

"ఇంకా మెడదాకా రాలేదయ్యగారూ. కానివ్వండి."