పేరిశాస్త్రి పెట్టిన పరీక్ష

పూర్వం ఒక రాజ్యంలో ఆస్థాన వైద్యుడు పేరిశాస్త్రి శిష్యుల చేత మందుల శ్లోకాలు వల్లెవేయించేవాడే గాని, ఒక్క వేరైనా చూపించేవాడు కాడు. మూలికలు తవ్వి బతికే ఇంటినుంచి వచ్చిన శిష్యుడు ఎల్లమంద పరీక్షలో తడబడ్డాడు.

“నీకు వైద్యం అబ్బదు. ఇంటికి పో,” అన్నాడు శాస్త్రి.

ఎల్లమందకు ఏడుపొచ్చినంత పనైంది. అయినా తమాయించుకుని, సంచిలోంచి రెండు వేళ్లు తీసి ముందు పెట్టాడు.

“అయ్యగారూ, వీటిలో ఒకటి దగ్గుకు మందు, రెండోది గన్నేరు, విషం. శ్లోకాలన్నీ తప్పులేకుండా చెప్పిన అనంతభట్టును ఏరమనండి. ఆయన ఇచ్చింది మీరు నమిలితే, నేను మారుమాటాడకుండా వెళ్లిపోతాను.”

అనంతభట్టు రెంటినీ తిప్పి తిప్పి చూసి, ఒకటి అందించాడు. శాస్త్రి చెయ్యి చాచలేదు.

“మీరు గనక ఆగారు. రోగి మనల్ని నమ్మి మింగేస్తాడండీ,” అన్నాడు ఎల్లమంద.

శాస్త్రి ఆ రెండు వేళ్లనూ ఎల్లమందకు తిరిగి ఇచ్చేశాడు. “రేపు పరీక్ష అడవిలో. దారి నువ్వే చూపించు,” అన్నాడు.