విడాకుల తీర్పుకు అంకె ఎంత?

మేఘగిరి రాజు కొమరభూపాలునికి ఒక ఉదయం విచిత్రమైన కోరిక పుట్టింది. తన కొలువులో నియమం తప్పని మనిషి ఒక్కడైనా ఉన్నాడేమో చూడాలనుకున్నాడు. సభను అడిగాడు.

అందరూ తలలు దించుకున్నారు. పత్రభాండారాధికారి భైరవనాయుడు మాత్రం తల మరికొంత ఎత్తాడు. రాజ్యంలోని సీమలన్నింటి న్యాయసభలు ఇచ్చిన తీర్పులు, తాటాకుల కట్టలుగా, ఆయన అధీనంలోనే ఉండేవి.

"ఆ మనిషి తమ ఎదుటనే ఉన్నాడు ప్రభూ! నకలు కావాలని ఎవరు వచ్చినా తీర్పుమీది అంకె చెప్పవలసిందే. నేను పేరు అడగను, ఊరు అడగను. అంకె లేకుండా ఒక్క ఆకునైనా వెదకి తీసినవాణ్ణి కాను."

"ఆ అంకె ఎక్కడ ఉంటుంది?"

"తీర్పుమీదనే ప్రభూ."

"ఆ తీర్పే పోగొట్టుకున్నవాడి గతి?"

"పోగొట్టుకోవడం వాడి తప్పు ప్రభూ."

రాజు మీసం చాటున నవ్వుకొని, ఆస్థాన హాస్యగాడు విస్సన్న వైపు తిరిగాడు.

"విస్సన్నా, ఈయన నియమం తప్పినట్లు నిరూపించగలవా? నిరూపిస్తే నా చేతి ఈ కంకణం నీది."

"నేను తప్పినట్లు తేలితే, అంకె లేదని తిప్పి పంపినవారి నకలు నా చేతితోనే రాసి, వారి గడప దాకా నడిచి వెళ్ళి ఇస్తాను" అన్నాడు నాయుడు. ఆయన నడిచి చాలాకాలమైందని సభకంతటికీ తెలుసు.

విస్సన్న తిన్నగా పత్రభాండారానికి వెళ్ళాడు. మెట్లమీద సూరమ్మ అనే పూలమ్మే ఆవిడ, ఖాళీ బుట్ట ఒడిలో పెట్టుకొని కూర్చుంది.

"ఏమ్మా, ఇక్కడ పూలు కొనే రసికులెవరున్నారు?"

"నా బాధ నాదయ్యా. ఎల్లుండి నా మారుమనువు. పాత పెనిమిటితో తెగతెంపులైన తీర్పు చూపిస్తే గాని తాళి కట్టనివ్వబోమన్నారు కులపెద్దలు. నా దగ్గరున్న ఆకును చెదలు తినేశాయి. ఈ ముహూర్తం దాటితే నన్ను చేసుకోబోయే ఆయన ఓడ ఎక్కి వర్తకానికి పోతాడు. మళ్ళీ వస్తాడో రాడో!"

"నాయుడుగారు ఏమన్నారు?"

"అంకె అన్నారు. పేర్లు చెప్పబోతే చెవులు మూసుకున్నారు."

"నేను మూసుకోనులే. నీ పాత పెనిమిటి ఎవరు?"

సూరమ్మ అటూ ఇటూ చూసి మెల్లగా చెప్పింది. ఆ మనిషి ఇప్పుడు ఎవరింటి అల్లుడో కూడా చెప్పింది. విస్సన్న ముఖం వికసించింది.

"రేపు మంచి చీర కట్టుకొని సభకు రా తల్లీ. నేను ఏమన్నా కాదనకు."

మరునాడు విస్సన్న ఆమెను వెంటబెట్టుకొని రాజు ముందు నిలిచాడు.

"ప్రభూ, ఈ సూరమ్మను భర్త ఇంటికి పంపాలి. పల్లకీ ఇప్పించండి. అతనితో విడిపోయానని ఈమె అంటోంది గాని, తీర్పు చూపలేకపోతోంది. తీర్పు చూపలేనప్పుడు ఈమె అతని భార్యే. అంతేనా నాయుడుగారూ?"

అంకె లేనివారికి శాస్తి జరగడమంటే నాయుడుకు మహా ప్రీతి.

"నిస్సంశయంగా! పత్రం లేనిదే విడాకులు లేవు."

"అతడు ఆ తరువాత మరొక పిల్లను చేసుకున్నాడండీ."

"అయితే ఈమె పెద్దభార్య. ఇంటి తాళాల గుత్తి ఈమె నడుముకు ఉండాలి. పూజలో భర్త పక్కన పీట ఈమెదే. రెండవది ఎంత గొప్పింటి పిల్లయినా వెనుక నిలబడవలసిందే."

"ఆ పిల్ల మొండికేస్తే?"

"భటులను పంపి గుత్తి లాక్కోవాలి!"

విస్సన్న వినయంగా తల వంచాడు.

"అయితే భటులను మీ అమ్మాయి ఇంటికే పంపాలండీ. ఈమె పెనిమిటి మీ అల్లుడు, ఏటూరి రంగప్ప."

నాయుడు ఆసనం మీదనుంచి ఎగిరి లేచాడు.

"అబద్ధం! వాళ్ళిద్దరికీ ఎప్పుడో తెగిపోయింది! నందన సంవత్సరం మాఘమాసంలో ఏటూరి సీమ న్యాయసభ తీర్పు చెప్పింది. తూర్పు గోడవైపు, ఎర్రగుడ్డ చుట్టిన కట్టలో ఉంది. పిల్లనిచ్చే ముందు నేనే వెదకి తీసి, అక్షరం అక్షరం చదివాను!"

విస్సన్న చేతులు జోడించాడు.

"అంకె ఎంత నాయుడుగారూ?"

నాయుడు తల దించుకున్నాడు.

"అంకె... చూడలేదు."

"మరి ఎలా వెదికావయ్యా?" అన్నాడు రాజు.

"ఆలుమగల పేర్లు తెలుసు ప్రభూ. ఏ సీమ సభ తీర్చిందో తెలుసు. సంవత్సరం సుమారుగా తెలుసు. అవి తెలిస్తే దొరకకపోవడమేమిటి?"

"నేను చెప్పబోయినవీ అవేనండీ" అంది సూరమ్మ.

సభ గొల్లుమంది. రాజు కంకణం తీసి విస్సన్న చేతికి తానే తొడిగాడు. సూరమ్మను ఆమె ఇంటికి చేర్చడానికి పల్లకీ సభలోకే వచ్చింది. నాయుడు తన బిడ్డ తాళాల గుత్తిని తలచుకుంటూ, ఎర్రగుడ్డ కట్ట విప్పించి, నకలు రాసి, ముద్ర వేసి తెచ్చాడు. సూరమ్మ పల్లకీ ఎక్కింది. ఆయన తాటాకు పట్టుకొని, వెంట నడవడానికి పల్లకీ పక్కన నిలబడ్డాడు. బోయీలు కదలబోతుండగా ఆయన గొంతు సవరించుకొని, అంతవరకు ఎవరినీ అడగని మాట అడిగాడు.

"మీ ఇల్లు ఏ వీధిలోనమ్మా?"

ఈసారి రాజు మీసం చాటున నవ్వలేదు. సింహాసనం పట్టుకొని నవ్వాడు.